అంచుల నుంచి ఆరిపోయే చూపు

మన ఇళ్లలో పెద్దల కంటికి ఏ ఇబ్బంది వచ్చినా ముందుగా వినిపించే మాట 'మోతియా'. ఈ ఒక్క మాటతో రెండు వేర్వేరు వ్యాధులను పిలుస్తున్నామన్న సంగతి చాలామంది గమనించరు. ఒకటి సఫేద్ మోతియా. తెలుగులో దానినే శుక్లం అంటాము. రెండవది కాలా మోతియా. తెలుగులో నీటికాసులు అనీ, వైద్యుల భాషలో గ్లాకోమా అనీ దానికి పేర్లు. పేరులోని ఈ పోలికే మనలను తప్పుదారి పట్టిస్తున్నది.

శుక్లం విషయంలో మన పెద్దలకు ఒక అలవాటు ఉంది. "ఇంకా పండలేదు, పండిన తరువాత తీయిద్దాం" అంటారు. పత్తి ఏరడం పూర్తి కావాలి, అమ్మాయి నికాహ్ కావాలి, రమజాన్ గడవాలి అంటూ ఆపరేషన్‌ను వెనుకకు నెడుతూ ఉంటారు. శుక్లానికి ఇది మంచి పద్ధతి కాకపోయినా, ఆలస్యంగానైనా ఆపరేషన్ చేసి కటకం అమర్చితే సాధారణంగా చూపు తిరిగి వస్తుంది. కాలా మోతియాలో అలా జరగదు. అందులో పోయిన చూపు మందుతో గాని, లేజరుతో గాని, శస్త్రచికిత్సతో గాని తిరిగి రాదు. మిగిలిన చూపును నిలబెట్టుకోవడమే దానికి చికిత్స. "పండనీ" అని ఇంటివారు ఎదురుచూసిన ఆరు నెలల్లో ఎంత చూపు పోయిందో అంత చూపు శాశ్వతంగా పోయినట్లే.

వ్యాధి స్వరూపాన్ని క్లుప్తంగా చెబుతాము. కంటి ముందుభాగంలో నిర్మలమైన ఒక ద్రవం నిరంతరం ఊరుతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు. కన్నీరు కంటి పైభాగాన్ని తడుపుతుంది. ఇది లోపలే పుట్టి, లోపలే ప్రవహించి, నల్లగుడ్డు అంచున ఉండే సన్నని జల్లెడ వంటి దారి గుండా బయటికి పోతుంది. ఊరేది ఊరుతూనే ఉండి పోయే దారి బిగుసుకుంటే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. ఈ ఒత్తిడి సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. బీపీ మామూలుగా ఉన్నంత మాత్రాన కంటి ఒత్తిడి కూడా మామూలుగా ఉన్నట్లు కాదు. కన్ను చూసినదానిని మెదడుకు చేరవేసే నరంలో 10 లక్షలకు పైగా సన్నని పోగులు ఉంటాయి. ఒత్తిడికి అవి కొద్దికొద్దిగా చనిపోతూ వస్తాయి. కొందరిలో ఒత్తిడి 21 దాటకపోయినా నరం దెబ్బతింటుంది. అందుచేత కంటి శిబిరంలో ఒత్తిడి ఒక్కటే కొలిచి "బాగుంది" అంటే, నరాన్ని కూడా చూశారా అని అడగడం మంచిది.

ఈ వ్యాధిలో ఒక రకం మాత్రం చప్పుడు చేస్తూ వస్తుంది. ద్రవం పోయే దారి ఉన్నట్టుండి పూర్తిగా మూసుకుపోయి కన్ను ఎర్రబడుతుంది. భరించలేని నొప్పి, తలపోటు, వాంతులు ఉంటాయి. దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. వాంతులు చూసి పైత్యమనో, తలపోటు చూసి పార్శ్వనొప్పి అనో పొరబడి ఇంట్లోనే ఉంచడం తరచుగా జరుగుతుంది. ఆ రాత్రే కంటి వైద్యుడిని చేరుకోవలసిన పరిస్థితి అది. మిగతా వారిలో, అంటే ఎక్కువ మందిలో, నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీరు కారదు. మేము ముఖ్యంగా ఈ నిశ్శబ్ద రకం గురించే వ్రాస్తున్నాము.

ఇది ఎంత నిశ్శబ్దంగా వస్తుందో తెలియడానికి మన ప్రాంతంలోనే ఒక ఆధారం ఉంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్ద అధ్యయనం జరిపింది. హైదరాబాద్ నగరంలోను, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి జిల్లాల గ్రామీణ ప్రాంతాలలోను మొత్తం 10,293 మందిని పరీక్షించారు. ఆసిఫాబాద్ అప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో భాగం. కుమ్రం భీం పేరుతో ప్రత్యేక జిల్లా అయినది 2016 అక్టోబర్ 11న. ఆ అధ్యయనంలోని హైదరాబాద్ భాగంలో ఈ నిశ్శబ్ద గ్లాకోమా 27 మందిలో బయటపడింది. వారిలో తమకు ఈ జబ్బు ఉందని అంతకుముందే తెలిసినవారు ఇద్దరంటే ఇద్దరే. 14 మందికి అప్పటికే నష్టం తీవ్రస్థాయికి చేరింది. వీధికొక ఆసుపత్రి ఉన్న నగరంలోనే ఇలా ఉంటే వాంకిడిలో, కెరమెరిలో, తిర్యాణిలో ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

చూపు పోతూ ఉంటే మనిషికి తెలియకపోవడం ఏమిటన్న ప్రశ్న సహజం. ఈ వ్యాధిలో చూపు సాధారణంగా పక్కల నుంచి పోతుంది. ఎదురుగా చూసే చూపు చాలాకాలం పదిలంగా ఉంటుంది. పైగా ఒక కంటి లోటును రెండవ కన్ను పూడుస్తుంది. రెండూ చూడలేని చోటును మెదడు చుట్టుపక్కల ఉన్న దృశ్యంతో తానే నింపివేస్తుంది. పుస్తకాలలో, గోడపత్రాలలో గ్లాకోమా రోగి చూపును నల్లని గొట్టంలోంచి చూస్తున్నట్లు బొమ్మ వేస్తారు. లండన్‌లో 50 మంది రోగులకు రకరకాల బొమ్మలు చూపించి, "మీకు ఎలా కనిపిస్తుంది?" అని అడిగారు. 2013లో వెలువడిన ఆ పరిశీలనలో నల్లని గొట్టం బొమ్మను ఒక్కరు కూడా ఎన్నుకోలేదు. కొన్ని చోట్ల మసకగా ఉంటుందన్నవారు ఎక్కువ. కొన్ని వస్తువులు అసలు దృశ్యంలోనే ఉండవని కొందరు చెప్పారు. నాలుగవ వంతు మంది తమకు ఏ తేడా తెలియడం లేదన్నారు. మాకు ఈ ఫలితం చాలా ముఖ్యమైనదిగా తోస్తున్నది. చీకటి కనిపిస్తే మనిషి భయపడి వైద్యుని దగ్గరికి పోతాడు. ఇక్కడ చీకటి లేదు. రోడ్డు మీద వస్తున్న మోటారు సైకిలు ఉండవలసిన చోట ఖాళీ రోడ్డు కనిపిస్తుంది.

ఇప్పుడు ఆసిఫాబాద్‌లో ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇంటి పెద్దకు 60 దాటాయి. ఉదయం వరండాలో కూర్చుని పత్రికలోని చిన్న అక్షరాలు సైతం చదువుతారు. అయితే లోపలికి వస్తూ గడప తట్టుకుంటారు. దస్తర్‌ఖాన్ మీద పక్కన పెట్టిన నీళ్ల గ్లాసును మోచేతితో పడగొడతారు. నేల మీద ఆడుకుంటున్న మనవడి కాలు తొక్కుతారు. మొదటిసారి అందరూ నవ్వుతారు. పదవసారి కోడలి ముఖం మారుతుంది. "అబ్బా, పేపరు చదువుతారు, ఎదుట ఉన్న పిల్లవాడు కనబడలేదా?" అని కొడుకు అడుగుతాడు. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు, ఎందుకంటే పిల్లవాడు నిజంగానే కనబడలేదు. ఎందుకు కనబడలేదో ఆయనకూ తెలియదు. చదవగలిగిన మనిషి చూడలేడని ఇంట్లో ఎవరికీ తట్టదు. నిర్లక్ష్యమంటారు, మతిమరుపంటారు, వయసు మీద పడి మొండితనం వచ్చిందంటారు. కాలా మోతియా ఉన్న ఇంట్లో మొదట దెబ్బతినేది తరచుగా ఆ మనిషి మీద ఇంటివారికి ఉన్న మంచి అభిప్రాయం.

బజారులో ఇంకొక చిక్కు వస్తుంది. ఒక పరిచయస్థుడు పక్క నుంచి సలాం చేసి ముసాఫహాకు చేయి చాస్తాడు. ఆ చేయి ఆయన చూపుకు అందదు. చేయి గాలిలోనే ఉండిపోతుంది. సాయంత్రానికి "ఫలానా సాహెబుకు ఈ మధ్య గర్వం పెరిగింది, సలాముకు జవాబు లేదు" అన్న మాట ఇంటికి చేరుతుంది. సలాముకు జవాబు ఇవ్వడం మనకు ధర్మం విధించిన బాధ్యత. ఆ బాధ్యత తప్పాడన్న నింద, చెవికి సరిగా వినిపించక, కంటికి కనిపించక నిలబడిన వ్యక్తి మీద పడుతుంది.

వెలుతురు మారే చోట్ల ఇబ్బంది మరింత ఎక్కువ. ఎర్రటి ఎండలోంచి చీకటి గదిలోకి వచ్చినప్పుడు కన్ను సర్దుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఫజ్ర్ నమాజుకు బయలుదేరే వేళ మసక చీకటిలో సిమెంటు మెట్టుకూ సిమెంటు నేలకూ తేడా తెలియదు. మస్జిద్ గుమ్మం ముందు విడిచిన చెప్పులు కాలికి అడ్డం పడతాయి. వుజూ చేసే చోట తడి నేల, ఎత్తుపల్లాలు, పక్కన కూర్చున్నవారి కాళ్లు అన్నీ ప్రమాదమే. ఖుర్ఆన్ పారాయణంలో అక్షరం స్పష్టంగానే ఉంటుంది, కాని ఒక వరుస పూర్తయి తరువాతి వరుస మొదలు వెతుక్కునేటప్పుడు ఒక వరుస దాటిపోతుంది. కొందరు పెద్దలు ఇది తమ ఏకాగ్రత లోపమనుకొని లోలోపల కుమిలిపోతారు.

ఇంటి ఆడవారిలో ఇదే వ్యాధి వచ్చినప్పుడు బయటపడటానికి ఇంకా ఆలస్యమవుతుంది. వంటింటి ప్రతి మూల వారికి చేతికి తెలుసు. ఉప్పు డబ్బా ఎక్కడుందో, పాలగిన్నె ఎక్కడుందో చూడకుండానే అందుకోగలరు. కోడలు డబ్బాలను సర్దిన రోజున మాత్రం అమ్మీ చేయి వేడి పెనాన్ని తాకుతుంది. నిఖాబ్ అలవాటున్న స్త్రీలు మెట్లు దిగేటప్పుడు, బస్సు దిగేటప్పుడు క్రింది భాగాన్ని చూడటానికి తల వంచుతూ ఉంటారు; చూపు పరిధి తగ్గిన స్త్రీకి ఆ ఒక్క క్షణం ఇంకొంత కఠినమవుతుంది. అలాంటి చోట భర్తో, కొడుకో ఒక మెట్టు ముందు దిగి చేయి అందించడం చాలు.

పడిపోవడం చిన్న విషయం కాదు. కెనడాలో 2007లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో గ్లాకోమా ఉన్నవారు, లేనివారితో పోలిస్తే, మూడు రెట్లకు పైగా ఎక్కువగా క్రిందపడినట్లు తేలింది. రోడ్డు ప్రమాదాలలో చిక్కుకున్న అవకాశం ఆరు రెట్లకు పైగా కనిపించింది. మన దగ్గర 60 ఏళ్ల మనిషి తుంటి ఎముక విరిగితే ఆ ఇల్లు ఎన్ని నెలలు మంచం చుట్టూ తిరుగుతుందో పాఠకులకు తెలిసినదే. ఆటో నడిపేవారు, మోటారు సైకిలు మీద తిరుగుతూ వ్యాపారం చేసేవారు పక్క నుంచి వచ్చే వాహనాన్ని చూడలేకపోతున్నారని తెలిసిన రోజున వాహనం ఆపవలసిందే. ఇది చెప్పినంత సులభం కాదు. మంచిర్యాల నుంచి చంద్రాపూర్ వైపు పోయే జాతీయ రహదారి మీద లారీల మధ్య బండి నడిపి సంపాదించే మనిషికి తాళం చెవి కొడుకు చేతిలో పెట్టడమంటే సగం జీవితాన్ని వదులుకోవడమే. ఈ మాట వైద్యుని గదిలో, వైద్యుని నోటి నుంచి, కొడుకు ఎదుట వస్తే ఆయన గౌరవం నిలుస్తుంది. ఇంట్లో వాదనలో కోడలి నోటి నుంచి వస్తే నిలవదు.

తరువాత మెల్లగా ఇంకొకటి జరుగుతుంది. వలీమాకు పిలిస్తే "మీరు వెళ్లి రండి" అంటారు. సాయంత్రం కూడలిలో కూర్చోవడం మానేస్తారు. మగ్రిబ్, ఇషా ఇంట్లోనే చదువుకుంటారు. ఇంటివారు దీనిని వైరాగ్యమనుకుంటారు, కొందరు మెచ్చుకుంటారు కూడా. నిజానికి అది తట్టుకొని పడతానేమో, పది మందిలో నవ్వులపాలు అవుతానేమో అన్న భయం.

ఆసిఫాబాద్ వంటి చోట వైద్యం అందుకోవడం ఎంత కష్టమో చూద్దాం. తెలంగాణలో 2018 ఆగస్టు 15న ప్రారంభమైన కంటి వెలుగు పథకం క్రింద తొలి విడతలో దాదాపు 1.54 కోట్ల మందికి కంటి పరీక్షలు జరిగాయి. ఊరూరా శిబిరం వచ్చింది, లక్షలాది మందికి కళ్లద్దాలు అందాయి. అది గొప్ప సేవ. అయితే అక్షరాల పట్టికలో చివరి వరుస చదివినంత మాత్రాన కాలా మోతియా లేదని అనుకోరాదు. ఆ పట్టిక ఎదురుచూపును కొలుస్తుంది, ఈ వ్యాధి పక్కచూపుతో మొదలవుతుంది. 'శిబిరంలో చూపించుకున్నాము కదా' అన్న ధైర్యంతో ఆగిపోయినవారు మళ్లీ ఒకసారి పూర్తి పరీక్ష చేయించుకోవాలి. నాలుగు సంగతులు చూడాలని అడగండి: కంటి ఒత్తిడి, ద్రవం పోయే కోణం, కంటి నరం, చూపు పరిధి.

ఇవన్నీ ఒకేచోట జరిగే ఆసుపత్రి కోసం ఈ జిల్లా ప్రజలు చాలావరకు దూరమే ప్రయాణించవలసి ఉంది. ఎల్.వి. ప్రసాద్ సంస్థ గ్రామీణ కేంద్రం ముథోల్‌లో, అంటే ఇప్పటి నిర్మల్ జిల్లా పడమటి కొసన ఉంది. ప్రభుత్వ రంగంలో పెద్ద కంటి ఆసుపత్రి అంటే హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి. ఆసిఫాబాద్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. ముందు ముందు ఈ దూరం తగ్గుతుందని ఆశించవచ్చు. రైలు కోసమైతే ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌కు పోవాలి. అది పట్టణంలో లేదు, రెబ్బెన వైపు ఉంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు టికెట్టు లేదు కనుక, తల్లిని కూతురు గాని, కోడలు గాని తీసుకువెళితే ప్రయాణ ఖర్చు మిగులుతుంది. మగవారికి ఆ సౌకర్యం లేదు. ఒక్కసారి పోయి వస్తే ఎలాగో సర్దుకోవచ్చు. ఈ వ్యాధికి మూడు నెలలకో, ఆరు నెలలకో మళ్లీ మళ్లీ పోవాలి, జీవితాంతం పోవాలి. "చూపు ఏమీ మెరుగుపడలేదు, ఎందుకు పోవాలి?" అన్న ఆలోచన రెండవ సంవత్సరంలో వస్తుంది. చుక్కల మందు ఆగిపోయేది అప్పుడే.

చుక్కల మందు గురించి వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే చాలామందిలో ఈ వ్యాధికి మొదటి చికిత్స అదే; వైద్యుడు ఇచ్చినది ఇంటిలో సగం వృథా అవుతున్నది. లటానోప్రోస్ట్ వంటి మందును సాధారణంగా రాత్రి ఒకసారి వేస్తారు. టిమోలాల్ వంటి వాటిని తరచుగా రోజుకు రెండుసార్లు. ఆస్తమా ఉన్నవారు టిమోలాల్ వాడరాదు; ఉబ్బసం ఉన్న సంగతి కంటి వైద్యునికి తప్పక చెప్పాలి. పెద్దవారు పడక మీద తల వెనుకకు వాల్చి, క్రింది రెప్పను కొద్దిగా లాగి, ఏర్పడిన సంచిలో ఒక్క చుక్క వేయించుకోవాలి. రెండు చుక్కలు వేస్తే రెండవది చెంప మీదికి కారుతుంది, అంతే. తరువాత కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను వేలితో రెండు నిమిషాలు మెల్లగా నొక్కి పట్టాలి. దీనివలన మందు ముక్కు ద్వారా గొంతులోకి దిగకుండా కంటిలోనే నిలుస్తుంది. రెండు రకాల మందులు ఉంటే మధ్యలో కనీసం ఐదు నిమిషాల వ్యవధి ఉండాలి. సీసా తెరిచిన తేదీని దాని మీదే వ్రాసి పెట్టండి; తెరిచిన నెల, నెలన్నర తరువాత మిగిలినది వాడరాదు. మన ప్రాంతపు వేసవి ఎండలకు వంటింటి అటకమీద, కిటికీలో పెట్టిన మందు పాడవుతుంది. వణికే చేతులతో తమకు తామే వేసుకునే పెద్దలకు మందు రెప్పల మీదనే పడుతుంది. ఆ పని మనవరాలికో, మనవడికో అప్పగించిన ఇళ్లలో మందు తప్పదు. పైగా ఆ ఐదు నిమిషాలు దాదీకి ఇష్టమైన సమయమవుతుంది.

రమజాన్‌లో మందు ఆపేసేవారు ఎందరో ఉన్నారు. ఉపవాసం భంగమవుతుందన్న భయమే కారణం. ఈ విషయంలో హనఫీ ధర్మవేత్తల అభిప్రాయం స్పష్టంగా ఉంది: కంటిలో చుక్కలు వేసుకున్నందువలన ఉపవాసం భంగం కాదు, గొంతులో రుచి తెలిసినా సరే. షాఫిఈ ధర్మవేత్తలు కూడా భంగం కాదనే అంటారు. మాలికీ, హంబలీ ధర్మవేత్తలు గొంతులోకి చేరితే భంగమవుతుందన్నారు. 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, గొంతులోకి వచ్చినదానిని మింగకుండా జాగ్రత్తపడినంతవరకు కంటి చుక్కలు ఉపవాసాన్ని భంగపరచవని తీర్మానించింది. పైన చెప్పినట్లు కంటి మూలను నొక్కి పట్టినవారికి గొంతులో ఆ చేదు చాలావరకు తెలియనే తెలియదు. ఇంకా సందేహం ఉన్నవారు వైద్యునితో మాట్లాడి రెండుపూటల మందును సహరీ ముగిసే ముందు, ఇఫ్తార్ తరువాత వేసుకునేలా సర్దుకోవచ్చు. రాత్రి మందుకు సమస్యే లేదు. ముప్పై రోజులు మందు లేకుండా ఉన్న కంటిలో ఒత్తిడి పెరిగి, ఈద్ నాటికి ఎంత నరం చనిపోయిందో చెప్పలేము.

సజ్దా గురించి కూడా అడుగుతుంటారు. తల గుండె కంటే క్రిందికి వంగినప్పుడు కంటి ఒత్తిడి తాత్కాలికంగా పెరగడం, లేవగానే తగ్గడం నిజమే. ఇది చదివి ఎవరూ తమంతట తాము సజ్దా మానవద్దు. వ్యాధి బాగా ముదిరినవారు, శస్త్రచికిత్స జరిగినవారు తమ వైద్యుని అడగాలి. ఆపరేషన్ తరువాత కొన్ని రోజులు వంగరాదని వైద్యుడు చెబితే, కూర్చుని సైగలతో నమాజు చేసే సౌలభ్యం షరీఅత్ ఇచ్చింది. ముఖం మీద నీరు పడరాదన్న రోజులలో వుజూ ఎలా చేయాలో ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. ఇచ్చిన సౌలభ్యాన్ని వాడుకోవడం బలహీనత కాదు.

ఇక సుర్మా. కంటికి చలువ చేస్తుందని మన ఇళ్లలో దానిపై ఎంతో నమ్మకం. కంటి లోపలి ఒత్తిడిని అది తగ్గించదు. బజారులో దొరికే కొన్ని రకాలలో సీసం ఉన్నట్లు పరీక్షలలో తేలింది. చుక్కల మందుకు బదులుగా సుర్మా వాడటం ఎంతమాత్రం తగదు. దీనికి తోడు ఇంకొక ప్రమాదం మెడికల్ షాపులోంచి వస్తుంది. వేసవిలో పిల్లల కళ్లు దురద పెట్టినప్పుడు ఒకసారి వైద్యుడు వ్రాసిన స్టెరాయిడ్ చుక్కలను తల్లులు అదే చీటీతో మళ్లీ మళ్లీ కొంటారు, ఎందుకంటే దురద వెంటనే తగ్గుతుంది. నెలల తరబడి వాడితే ఆ చుక్కలే కొందరు పిల్లలలో కంటి ఒత్తిడిని పెంచి గ్లాకోమాను తెచ్చిపెడతాయి. ఇది పెద్దల జబ్బు మాత్రమే అన్న ధీమా పనికిరాదు.

అన్నిటికంటే ఎక్కువగా దాచిపెట్టే సంగతి ఒకటుంది. కాలా మోతియా ఉన్నవారి సొంత అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు ఈ వ్యాధి వచ్చే అవకాశం ఇతరులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అబ్బాకు ఈ జబ్బు ఉందని తేలిన వారంలోనే చాచాలు, ఫూఫీలు, 40కి దగ్గరపడిన కొడుకులు, కూతుళ్లు అందరూ పరీక్ష చేయించుకోవాలి. మన ఇళ్లలో జరుగుతున్నది దీనికి విరుద్ధం. "ఇంట్లో ఆడపిల్లలు ఉన్నారు, కంటి జబ్బు వంశంలో ఉందంటే సంబంధాలు రావు" అని ఆసుపత్రి కాగితాలను బీరువాలో దాస్తారు. తమ్ముడికి కూడా చెప్పరు. ఐదేళ్ల తరువాత తమ్ముడు అదే ఆసుపత్రి బెంచీ మీద కూర్చుంటాడు, అప్పటికి ఒక కన్ను దాదాపు పోయి ఉంటుంది. దాచడం వలన వ్యాధి రాకుండా ఆగదు. తెలిసినవారికి చుక్కల మందుతో జీవితమంతా చూపు నిలిచే అవకాశం చాలా ఉంది, తెలియనివారికే అంధత్వం. ఇస్లాం అమానత్ గురించి ఎంతగా చెప్పిందో తెలిసిన కుటుంబాలలో, తోబుట్టువు కంటిని కాపాడే సమాచారాన్ని దాచడం ఏ విధంగా సమర్థించుకోగలమో మాకు అర్థం కాదు.

చూపు కొంత పోయిన తరువాత కూడా ఇంటిని ఆ మనిషికి అనువుగా మార్చవచ్చు, పెద్ద ఖర్చు లేదు. మెట్ల అంచులకు, గడపకు పసుపు రంగు పట్టీ వేయండి. నడిచే దారిలో స్టూలు, బకెట్టు, పిల్లల సైకిలు ఉంచవద్దు. తెల్లని టీ కప్పును తెల్లని పళ్లెంలో పెట్టవద్దు. ఏ వస్తువు ఎక్కడ ఉంటుందో అక్కడే ఉండనివ్వండి. పండుగకు ఇల్లు సర్దితే ఆయనను ఒకసారి చేయి పట్టుకొని తిప్పి చూపించండి. పడకగది నుంచి బాత్‌రూము వరకు రాత్రంతా ఒక చిన్న దీపం వెలగాలి. మాట్లాడేటప్పుడు పక్క నుంచి కాక ఎదురుగా వచ్చి, పేరు చెప్పి సలాం చేయండి. దైవప్రవక్త (సఅసం) సహచరులలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి)కు చూపు లేదు. ఆయన ముఅజ్జిన్‌గా ఉన్నారు. ప్రవక్త (సఅసం) మదీనా విడిచి వెళ్లిన సందర్భాలలో అక్కడ ఆయనను తమ స్థానంలో ఉంచారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చివరి కాలంలో చూపు కోల్పోయినా జ్ఞానం కోసం ఆయన దగ్గరికి జనం రావడం ఆగలేదు. మన మస్జిద్ కమిటీలు వుజూ చోట ఒక పట్టుకొమ్మ, గుమ్మంలో ప్రకాశవంతమైన దీపం, చెప్పులకు ఒక అర ఏర్పాటు చేస్తే, ఇంట్లోనే మిగిలిపోయిన పెద్దలు కొందరైనా జమాఅత్‌కు తిరిగి వస్తారు.

ప్రభుత్వపరమైన హక్కు ఒకటి చాలామందికి తెలియదు. పత్రిక చదవగలుగుతున్న మనిషికి వికలాంగ ధ్రువపత్రం ఇవ్వరని అనుకుంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఎదురుచూపును మాత్రమే కాక చూపు పరిధిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. పరిధి 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల వరకు ఉంటే అల్పదృష్టి, 10 డిగ్రీల కంటే తక్కువైతే అంధత్వం. సదరం శిబిరానికి వెళ్లేటప్పుడు చూపు పరిధి పరీక్ష కాగితాన్ని తప్పక తీసుకువెళ్లాలి. లోపం 40 శాతం లేదా అంతకు మించినట్లు ధ్రువపత్రం ఇచ్చి, ఇతర అర్హతలు కూడా ఉంటే ఆసరా పింఛను వస్తుంది; 2023లో దివ్యాంగుల పింఛనును నెలకు 4,016 రూపాయలు చేశారు. చుక్కల మందు ఖర్చుకు, హైదరాబాద్ ప్రయాణానికి అది చిన్న ఆసరా కాదు.

ఆ కాగితం గురించి చివరిగా ఒక మాట. చూపు పరిధి పరీక్షలో ఒక కన్ను మూసి, తెల్లని గిన్నె వంటి యంత్రంలోకి చూస్తూ, చిన్న వెలుగు కనిపించినప్పుడల్లా మీట నొక్కాలి. పెద్దలు కంగారుపడి, కనబడకపోయినా నొక్కుతారు, 'తప్పు చేశాను' అని బాధపడతారు. మంచి చూపు ఉన్నవారికి కూడా అన్ని వెలుగులూ కనిపించకుండానే ఆ యంత్రాన్ని తయారు చేశారని ముందే చెప్పి పంపండి. ఫలితంగా బూడిద రంగు, నలుపు మచ్చలతో ఒక ముద్రిత పత్రం వస్తుంది. మొదటిసారి వచ్చిన ఆ పత్రాన్ని జాగ్రత్తగా దాచి, ప్రతిసారీ వెంట తీసుకువెళ్లండి. ఆసుపత్రి మారినా, వైద్యుడు మారినా, నలుపు నిరుటి చోటనే ఆగి ఉందా, ఒక వేలెడు జరిగిందా అన్నది ఆ పాత కాగితాన్ని పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.